అవ్వ పిలిచిన పెండ్లి

మా వాడలో ఎవరింట్లో పెండ్లి ఖాయమైనా ముందు మా అవ్వకే కబురు వచ్చేది. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. హుజూర్‌నగర్‌లో మాకొక చిన్న కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. పిలుపులకు పోవాల్సిన ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకొని మా వాకిట్లోకి వచ్చి, "పెద్దమ్మా, జర నువ్వు ముందట నడువు, మేం నీ ఎనక వస్తం" అనేవాళ్లు. ఎవరిని వదినె అనాలో, ఎవరిని చిన్నమ్మ అనాలో, ఏ ఇల్లు మరిచిపోతే ఎన్నేళ్లు మాటలుండవో అవ్వకు తెలిసినట్టు వాడ మొత్తంలో ఇంకెవరికీ తెలియదు. చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకొని నేనూ తిరిగేదాన్ని. పిలుపులతో నాకేం పని, ఇంటింటికీ చేతిలో పెట్టే బెల్లం ముక్కతోనే పని.

మా దిక్కు పిలుపంటే ఉత్త నోటిమాట కాదు. ముత్తైదువలు ఇల్లిల్లూ తిరిగి, ఇంటామె నొసట బొట్టు పెట్టి, "మా ఇంట్ల లగ్గం, రాండ్రి" అనాలి. బొట్టు పెట్టించుకున్న ఇల్లు వచ్చి తీరాలి. పిల్లకు జ్వరమున్నా, చేలో కలుపు మిగిలినా, ఎవరో ఒకరు వచ్చి ముఖం చూపించి పోవాలి. ఇల్లు తాళం వేసి ఉంటే దర్వాజకే బొట్టు పెట్టి వచ్చేవాళ్లు. పొద్దుగూకి ఇల్లు చేరిన మనిషి ఆ ఎర్రటి చుక్క చూసి, పిలుపు ఎవరిదో పక్కింట్లో అడిగి తెలుసుకొనేది. భర్త పోయిన ఆడవాళ్లకు మాత్రం బొట్టు లేదు. గడప బయట నిలబడి నోటితో చెప్పి పోయేవాళ్లు, అదీ మెల్లగా, ఏదో తప్పు చేస్తున్నట్టు.

మా తాత వారానికోసారి ఎడ్లబండి కట్టుకొని సంతకు పోయి దుకాణానికి సరుకు తెచ్చేవాడు. పొద్దుగూకే వేళ వాడ మలుపులో ఎడ్ల గజ్జెలు వినబడగానే అవ్వ చెంబునిండా నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టేది, తాత కాళ్లు కడుక్కోవడానికి. ఎదురుపోయేది కాదు, వచ్చినవా అని అడిగేది కాదు. చెంబు పెట్టి లోపలికి పోయేది. వాళ్లిద్దరి మధ్య ప్రేమ ఉందని నాకు తెలిసింది ఆ చెంబును చూసే.

నాకు ఊహ తెలుస్తున్న రోజుల్లోనే తాత పోయాడు. అవ్వ మెడలో పుస్తెలు తీశారు, గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆ తర్వాత పిలుపుల బృందం మా ఇంటి ముందు నుంచే పోయేది, లోపలికి వచ్చేది కాదు. పెండ్లిళ్లలో అవ్వ వంటశాల వెనక కూరగాయలు కోస్తూ కనబడేది. "ముందటికి రా అవ్వా" అంటే "నేను ముందట పడొద్దు బిడ్డా" అనేది. కోపం లేకుండా, ఏడుపు లేకుండా, పప్పు ఉడికింది అన్నంత మామూలుగా అనేది. కోపమంతా నాకే వచ్చేది. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ.

అవ్వకు సోయి తప్పడం, అంటే మతి జారడం, ఎప్పుడు మొదలైందో చెప్పలేను. కృష్ణ మీద పెద్ద డ్యామ్ కడుతున్న రోజులవి, వాడలో సగం మంది మగవాళ్లు ఆ పనికి పోయారు, మధ్యాహ్నాలు చప్పుడు లేకుండా ఉండేవి. మొదట పోయింది ఉప్పు. పప్పులో రెండుసార్లు పడ్డది, మరునాడు అసలే పడలేదు. అమ్మ నవ్వి ఊరుకుంది. తర్వాత పొయ్యి మండుతుండేది, దాని మీద గిన్నె ఉండేది కాదు. చీర తిరగేసి కట్టుకొనేది. పొద్దున్నే ఎండలో కూర్చొని చాట పట్టుకొని చెరిగేది, చాటలో ఒక్క గింజ ఉండేది కాదు. నేను గడపలో కూర్చొని చూసేదాన్ని. ఆమె చేతులు ఎగిరేవి, దిగేవి, ఆ ఎండలో దుమ్ము మెరుస్తూ మెల్లగా కిందికి వచ్చేది, అవ్వ పెదాలు ఏదో పాట పాడుతున్నట్టు కదిలేవి. చెరగడానికి ఏమీ లేదని చెప్పాలంటే నాకు మనసొప్పేది కాదు. ఇప్పటికీ నా కలలో అవ్వ అట్లాగే చెరుగుతూ ఉంటుంది.

అన్నీ అంత అందంగా ఏమీ లేవు. ఒకరిని పల్లెత్తు మాట అనని మనిషి, మా అమ్మ మీద పడి, "నా కడియాలు నువ్వే తీసినవ్, నీ పుట్టింటికి దాటిచ్చినవ్" అని వాడంతా వినేలా అరిచేది. కడియాలు జొన్నల కుండలో దొరికేవి, దాచింది ఆమే. అమ్మ వాటిని తీసి తుడిచి ఆమె చేతిలో పెట్టి, దొడ్లోకి పోయి కళ్లు తుడుచుకొని వచ్చేది. దుకాణానికి వచ్చే మగవాళ్ల ముందు తల మీది కొంగు ఎన్నడూ జారనివ్వని అవ్వ, ఇప్పుడు వాళ్లను ఆపి, "ఏమయ్యా, మీసాలు గట్ల పెంచినవ్, మీ ఆమె ఏమంటలేదా?" అని పకపకా నవ్వేది. వాళ్లు సరుకు తీసుకోకుండానే పోయేవాళ్లు. ఒకసారి వాడలో ఒకాయన పోతే అమ్మ ఆమెను పలకరింపుకు తీసుకుపోయింది. ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య కాసేపు కూర్చొని చుట్టూ చూసి, "గింత మంది కూడిన్రు, ఒక్కరన్న పాట ఎత్తుకోరేందే?" అన్నదట. ఆ తర్వాత అమ్మ ఆమెను ఏ ఇంటికీ తీసుకుపోలేదు.

దవాఖానకు తీసుకుపోతే డాక్టరు కళ్లు చూసి, నాలుక చూసి, "వయసు మీద పడ్డది, అంతే" అని ఎర్ర మందు సీసా ఇచ్చాడు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. మందు తీయగా ఉందని అవ్వ ఇష్టంగా తాగింది, తాయెత్తు విప్పి కోడి మెడకు కట్టింది. ఇప్పుడైతే ఆ జబ్బుకు పెద్ద పెద్ద పేర్లు చెబుతున్నారు. అప్పుడు మాకున్న మాట ఒక్కటే, సోయి తప్పింది అని. పేరు తెలిసినంత మాత్రాన మేం ఇంకోలా ఉండేవాళ్లమా అంటే, ఏమో.

ఒకరోజు పొద్దున అవ్వ నొసట బొట్టు పెట్టుకొని బయటికి వచ్చింది.

చిన్న బొట్టు కాదు. దుకాణంలోని కుంకుమ పొట్లం విప్పి, రూపాయి బిళ్లంత పెట్టుకుంది. పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు. వాకిట్లో పొయ్యి పొగ, దాని మధ్య నుంచి ఆ ఎర్రటి బొట్టు నడిచి వచ్చింది. నా కళ్లకు తాత బతికున్న రోజే తిరిగి వచ్చినట్టు అనిపించి, నేను నిజంగానే దర్వాజ దిక్కు చూశాను. అమ్మ చేతిలో ఉన్న బిందె అట్లాగే పట్టుకొని నిలబడింది.

బాపు అడిగాడు. "అమ్మా, నొసట గదేందే?"

"బొట్టురా. బొట్టు లేకుంట తిరుగుతరా ఆడోళ్లు? మీ నాయిన సంతకు పోయిండు, పొద్దుగూకెవరకు వస్తడు" అన్నది అవ్వ.

మా బాపుకు అబద్ధం చేత కాదు. కందిపప్పుకు పురుగు పడితే, కొనడానికి వచ్చినవాళ్లకు ఆ సంగతి తానే చెప్పి పంపించేవాడు, అమ్మ తల పట్టుకొనేది. ఆయన అవ్వ ముందు కూర్చొని, నెమ్మదిగానే చెప్పాడు. "నాయిన లేడమ్మా. చచ్చిపోయి శానేండ్లయింది."

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. "చచ్చిపోయిండా? నాకెవ్వరు చెప్పలేదేందిరా?" అన్నది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు నేను మాటల్లో పెట్టలేను. తాత పోయిన నాడు ఎట్లా ఏడ్చిందో అట్లాగే, గుండెలు బాదుకుంటూ, ఆయన పేరు చెప్పకుండా ఆయన గుణాలు చెప్పుకుంటూ ఏడ్చింది. బాపు తువ్వాల తడిపి ఆమె నొసలు తుడిచాడు.

మధ్యాహ్నానికి తాత సంగతి ఆమెకు గుర్తు లేదు. దుఃఖం మాత్రం ఎక్కడికీ పోలేదు. గోడకు ఆనుకొని కూర్చుంది, కళ్లలో నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి. "ఎందుకవ్వా ఏడుస్తున్నవ్?" అన్నాను. "ఏమో బిడ్డా. ఎందుకో దుఃఖం వస్తాంది. నన్నెవరన్న ఏమన్న అన్నరా?" అని నన్నే అడిగింది. నేను ఆమె పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాను. పొద్దుగూకే వేళకు లేచి, చెంబు నిండా నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి, వాడ మలుపు దిక్కు చెవి పెట్టి నిలబడింది. చీకటి పడ్డాక బాపు ఆ నీళ్లు తీసి మల్లెచెట్టుకు పోశాడు.

అది ఒక్కనాటితో పోలేదు. రెండు మూడు రోజులకోసారి బొట్టు వచ్చేది, బాపు చెప్పేవాడు, అవ్వ మళ్లీ కొత్తగా ముండమోసేది. అవును, ఆ మాటే అంటాను, ఎందుకంటే జరిగింది అదే. ఏ ఆడమనిషికైనా ఒక్కసారి జరిగేది మా ఇంట్లో అన్నిసార్లు జరిగింది. నేను ఉండబట్టలేక ఒకసారి బాపు మీద ఎగిరాను. "వస్తడు అని ఒక్క మాటంటే నీ నోటి ముత్యాలు రాలుతయా?" అన్నాను. బాపు కోపం చేయలేదు. "గట్ల అంటే, మా నాయినకు నేను పెట్టిన కొరివి ఏంది బిడ్డా? చేసిన దినాలేంది? అన్ని ఉత్తయేనా?" అన్నాడు. ఆయన కూడా తండ్రిని పోగొట్టుకున్నవాడేనని నాకు ఆ రోజే తట్టింది. అయినా నా కోపం తగ్గలేదు.

అట్లాంటి రోజుల్లో నాకు సంబంధం వచ్చింది. పాలమూరు దిక్కు వాళ్లు. అబ్బాయికి సర్కారు బడిలో పంతులు ఉద్యోగం. మాట ఖాయం చేసుకోవడానికి అతని తల్లి, ఇంకొందరు చుట్టాలు వచ్చారు. అమ్మ ఆ రోజు అవ్వను వెనకింట్లో కూర్చోబెట్టి బెల్లం చేతికిచ్చి వచ్చింది. మాటలు బాగానే సాగుతున్నాయి. చాయ్ తాగుతున్నారు. అప్పుడు అవ్వ, నొసట పెద్ద బొట్టుతో, చేతిలో నీళ్ల చెంబుతో, అందరి మధ్య నుంచి నడుచుకుంటూ పోయి అరుగు మీద చెంబు పెట్టింది. వచ్చినవాళ్ల దిక్కు చూసి నవ్వి, "కూసోండ్రి, ఆయన సంత నుంచి వస్తడు" అని లోపలికి పోయింది.

"ఆమె ఎవరు వదినె?" అని అడిగింది అబ్బాయి తల్లి.

"మా అత్తమ్మ" అన్నది అమ్మ.

"మరి మీ మామ?"

అమ్మ తల వంచుకుంది. బాపు చెప్పాడు, లేడని. ఆ తల్లి చాయ్ సాసరు కింద పెట్టింది. గట్టిగా ఏమీ అనలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు, తర్వాత ఆ ఇంట్లో కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. "అన్నా, ముసలితనంల ఎవరికైనా వచ్చేదే. కానీ లగ్గం నాడు ఆమె జర ముందట పడకుండ చూడుర్రి. బొట్టుతోని అసలే వద్దు. మా వాళ్ల నోర్లు ఊకుండవు" అన్నది. బాపు సరేనన్నాడు. పానగల్‌లో ఉండే మా మేనత్త, బాపు చెల్లెలు, ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. "లగ్గం అయ్యెదాక అమ్మను నేను తీసుకపోత, ఫికర్ చెయ్యకుర్రి" అన్నది. ఎవరూ నన్ను అడగలేదు. పెండ్లి నాది కదా, నన్నెందుకు అడుగుతారు.

పెండ్లి దగ్గర పడ్డది. అవ్వను పానగల్ తీసుకుపోవాల్సిన రోజు పొద్దున్నే లేచి చూస్తే ఆమె పడక ఖాళీగా ఉంది. దుకాణంలో కుంకుమ పొట్లం కూడా లేదు. అమ్మ, అత్త దొడ్డి దిక్కు వెతకడానికి పోయారు. నేను వాడలోకి పరుగెత్తాను.

చలికాలం పొద్దు. వాడంతా తెల్లటి మంచు, దానిలో పొయ్యిల పొగ కలిసి ఎదుటి మనిషి సగమే కనబడుతున్నాడు. దూరంగా అవ్వ నడుస్తోంది. పట్టుచీర తిరగేసి కట్టుకుంది. నొసట బొట్టు. ఎడమ అరచేతిలో కుంకుమ పొట్లం. పిలుద్దామని నోరు తెరిచి కూడా పిలవలేకపోయాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె నడుం నిటారుగా ఉంది. నేను చిన్నప్పుడు కొంగు పట్టుకొని తిరిగిన అవ్వ మళ్లీ నా ముందు నడుస్తోంది. నేను వెనకాలే, చప్పుడు కాకుండా నడిచాను.

మొదటి ఇంటామె గడపలోనే ఎదురైంది. అవ్వ వేలు కుంకుమలో ముంచి చెయ్యి ఎత్తగానే ఆమె తల వెనక్కి లాక్కుంది. "నువ్వు పెడుతున్నవేంది పెద్దమ్మా, అశుభం" అని తలుపు మూసుకుంది. అవ్వకు కోపం రాలేదు. ఇంట్లో ఎవరూ లేరనుకుంది కాబోలు, మూసిన దర్వాజకు బొట్టు పెట్టి, "మా బిడ్డ లగ్గం, రాండ్రి" అని చెప్పి ముందుకు కదిలింది. రెండో ఇంట్లో ఆమె భయపడుతూనే పెట్టించుకుంది. అవ్వ మలుపు తిరగగానే కొంగుతో తుడుచుకుంది, నేను చూశాను.

మూడో ఇల్లు రొట్టెలు చేసి అమ్ముకొనే ఒక ఆడమనిషిది. ఆమెకు భర్త పోయి చాలా కాలమైంది. పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి, అవ్వ చేతిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దక్కా. నేను పెట్టుకోవద్దు, నీకు యాదికి లేదా?" అన్నది. "ఏందే వద్దంటవ్? బొట్టు పెట్టకుంట పిలుస్తరా ఎవరన్న?" అని అవ్వ ఆమె గడ్డం పట్టుకొని, వెనకటిలాగే ఉంగరపు వేలితో మెల్లగా అద్ది, ముక్కు మీద రాలిన కుంకుమను ఊది తుడిచింది. ఆమె కళ్లు మూసుకొని నిలబడిపోయింది. అవ్వ పోయాక నా దిక్కు చూసి, "ఎన్నేండ్లాయె బిడ్డా, ఒకరు నా నొసటికి వేలు పెట్టక" అన్నది. ఆ రోజు ఆమె రొట్టెలు అమ్మడానికి బయటికి రాలేదు. బొట్టు పోతుందని ముఖం కూడా కడుక్కోలేదని తర్వాత తెలిసింది.

వాడ చివర అవ్వ చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు. స్నేహితురాలు లేదు, ఆ ఇంటివాళ్లు ఎటో పోయారు, పైకప్పు కూలి వాన నీళ్లకు గోడలు కరిగిపోయాయి. దర్వాజ చట్రం మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది, దాని వెనక మంచు. అవ్వ ఆ చట్రం ముందు నిలబడి కేకేసింది. కాసేపు ఆగింది. "బాయికి నీళ్లకు పోయినట్టున్నది" అని తనలో తాను అనుకొని, చట్రానికి బొట్టు పెట్టింది. లోపల నుంచి ఎవరో వస్తారని నేను కూడా ఎదురుచూశానంటే నవ్వుతారేమో, చూశాను.

తిరిగి వస్తూ నన్ను చూసి ఆగింది. "నువ్వు ఎవరింటి దానివి బిడ్డా? నీకు బొట్టు పెట్టిన్నా?" అన్నది.

"పెట్టలేదవ్వా" అన్నాను.

నా నొసట బొట్టు పెట్టింది. వేలు చల్లగా ఉంది. "మా బిడ్డ లగ్గం. తప్పకుంట రావాలె" అన్నది. ఆ బిడ్డ మా మేనత్తో నేనో ఆమెకే తెలియాలి. "వస్తనవ్వా" అని మాటిచ్చాను.

ఆ సాయంత్రం అమ్మ, అత్త భరిణె పట్టుకొని పిలుపులకు పోతే కొందరు నవ్వి, "ముసలమ్మ పిలిచిపాయె, మల్ల మీరెందుకు?" అన్నారట. ఇద్దరు ముగ్గురు మాత్రం ముఖం మీదే, గట్లాంటి పిలుపుకు మేం రాం అన్నారట. ఇంటికి వచ్చి అమ్మ ఏడ్చింది. బాపుకు తల కొట్టేసినట్టయింది. రేపే అవ్వను తీసుకుపొమ్మని అత్తకు చెప్పాడు. అప్పుడు నేను లేచి, "అవ్వ ఇంట్ల లేకుంటే నేను పీటల మీద కూసోను" అన్నాను. మా ఇంట్లో ఆడపిల్ల అట్లా అనడం అదే మొదలు. అత్త నోరు నొక్కుకుంది. బాపు దుకాణం దర్వాజ దాకా పోయి వెనక్కి వచ్చాడు. చివరికి, "సరే. ఇంట్లనే ఉంటది. ఎనకింట్ల ఉంటది. నొసట బొట్టు ఉండదు" అన్నాడు. అంతకుమించి ఆయన దిగిరాడని నాకు తెలుసు, ఊరుకున్నాను.

పెండ్లి నాడు పొద్దున్నే బాపు తడి తువ్వాలతో అవ్వ దగ్గరికి పోయాడు. ఆమె అప్పటికే ముఖం కడుక్కొని బొట్టు పెట్టుకొని కూర్చుందట. అరుగుల నిండా చుట్టాలుండటం వల్లనేమో, ఆ రోజు ఆయన తాత మాట ఎత్తలేదు, తుడిచి మాత్రం వచ్చాడు. నలుగు పెట్టి, స్నానం చేయించి, నన్ను పెండ్లికూతురిని చేశారు. పిల్లగాడి వాళ్లు వచ్చారని డప్పులు వినబడగానే అందరూ ఎదురుకోవడానికి పరుగెత్తారు. గదిలో నేను, నా పక్కన కుంకుమ భరిణె మిగిలాం. నేను ఏమీ ఆలోచించలేదు. భరిణె తీసుకొని వెనకింట్లోకి పోయాను.

అవ్వ మంచం మీద కూర్చొని ఉంది. కిటికీలో నుంచి ఎండ ఆమె ఒళ్లో పడుతోంది, దాన్ని చేత్తో దులుపుకుంటోంది. పసుపు బట్టల్లో ఉన్న నన్ను చూసి ఎవరో అనుకొని సర్దుకు కూర్చుంది. "పిలుపుకు వచ్చినవా బిడ్డా? ఎవరింట్ల?" అన్నది. తాత పోయినప్పటి నుంచి ఆమె నొసటికి పిలుపు బొట్టు పెట్టినవాళ్లు ఎవరూ లేరు. నేను పెట్టాను. బొట్టు కొంచెం వంకరగా పడింది. "మా ఇంట్ల లగ్గం అవ్వా. తప్పకుంట రావాలె" అన్నాను.

"బొట్టు పెట్టినంక రాకుంట ఉంటనా" అని అవ్వ లేచింది. కొంగు సర్దుకుంది, వెంట్రుకలు చేత్తో అణచుకుంది, నా కన్నా ముందే గడప దాటింది.

పందిట్లోకి ఆమె వచ్చేసరికి ఎదురుకోళ్లు అయి అందరూ లోపల కూర్చుంటున్నారు. మా కాబోయే అత్త అవ్వ నొసలు చూసి, మా అమ్మను చూసింది. అమ్మ ముఖం తెల్లబోయింది. నేను అవ్వ వెనక నిలబడ్డాను, చేతిలో భరిణె దాచుకోకుండా. పందిరి చివర, గోడ పక్కన, ఆ రొట్టెల ఆడమనిషి కూర్చొని ఉంది. ఆమె ఒక్కతే చాప మీద జరిగి అవ్వకు జాగ ఇచ్చింది. అవ్వ కూర్చోలేదు. తిన్నగా బాపు దగ్గరికి పోయింది.

"అందరు వచ్చిన్రు. మీ నాయిన ఏడిరా?" అన్నది.

బాపు భుజం మీద తువ్వాల ఉంది. ఆయన చెయ్యి దాని మీదికి పోయింది. అందరూ ఆయన దిక్కే చూస్తున్నారు, పురోహితుడు కూడా. ఇప్పుడు చెబుతాడు, ఇక్కడే, నా పెండ్లిలో, ఇందరి ముందు ఆమె మళ్లీ గుండెలు బాదుకుంటుంది అనుకున్నాను.

"సంతకు పోయిండమ్మా" అన్నాడు బాపు. "పొద్దుగూకెవరకు వస్తడు. నువ్వు కూసో."

తువ్వాలతో తన ముఖమే తుడుచుకున్నాడు. అవ్వ తృప్తిగా పోయి ఆ రొట్టెల ఆమె పక్కన కూర్చుంది.

పెండ్లి ఆగలేదు. కొందరు ఆడవాళ్లు విస్తరి ముట్టకుండా లేచిపోయారు, పోనీ. పిల్లగాడి తల్లి ముఖం మాడ్చుకొనే అక్షింతలు వేసింది, ఆ సంగతి తర్వాత చాన్నాళ్లు ఎత్తిపొడిచింది కూడా. నాకూ నోరుంది కాబట్టి సరిపోయింది. అవ్వ మాత్రం తంతు అంతసేపూ దర్వాజ దిక్కు చూస్తూ కూర్చుంది, ఏడవలేదు. ఆ రోజంతా ఎవరూ ఆమె నొసలు తుడవలేదు.

అప్పగింతలు అయ్యేసరికి పొద్దు వాలింది. బస్సు ఆగే జాగ దాకా మమ్మల్ని తీసుకుపోవడానికి సవారి బండి కట్టారు. ఎడ్లకు పెండ్లి గజ్జెలు. అమ్మ, మేనత్త నన్ను పట్టుకొని ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను. బండి ఎక్కాను. ఎడ్లు కదిలాయి, గజ్జెలు మోగాయి.

ఆ చప్పుడుకు అవ్వ లోపల నుంచి పరుగున వచ్చింది. అంతమంది ఏడుపు ముఖాల మధ్య ఆమె ఒక్కతే నవ్వుతోంది. వంకర బొట్టు, వాలిన పొద్దు ఆమె ముఖం మీద. బండి పోతోందో వస్తోందో ఆమెకు తెలియలేదు.

"మీ నాయిన వచ్చిండురా. నీళ్లు తే" అన్నది బాపుతో.

బాపు నా బండి దిక్కు ఒకసారి చూశాడు. తర్వాత లోపలికి పోయి, చెంబు నిండా నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టాడు.